అలప్పుళలో ఒక్క రోజుకు పడవ అద్దెకు తీసుకోవాలంటే

అలప్పుళ బోట్ జెట్టీ దగ్గర ఆటో దిగగానే ముగ్గురు నలుగురు వచ్చి చుట్టూ చేరతారు. అందరూ అడిగేది ఒకటే: "హౌస్‌బోటా? ఎంతమంది?" ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పడం మొదలుపెట్టారంటే బేరం వాళ్ల చేతిలోకి వెళ్లిపోయినట్టే. మనవాళ్లు చాలామంది ముందు ధర అడుగుతారు, తరువాత పడవ చూస్తారు, ఎక్కి కూర్చున్నాక "ఎక్కడెక్కడ తిప్పుతారు?" అంటారు. ఈ వరుస పూర్తిగా తలకిందులు. అలెప్పీ అని మనకు అలవాటైన ఈ కేరళ ఊళ్లో ముందుగా తేల్చుకోవలసింది మీరు ఏ నీటి మీద తిరగాలనుకుంటున్నారన్నది. నీటిని బట్టి పడవ, పడవను బట్టి గంటలు, గంటలను బట్టి ధర.

ముందు నీటిని ఎంచుకోండి

అలప్పుళకు ఒకవైపు అరేబియా సముద్రం ఉన్నా, పడవ షికార్లన్నీ ఊరికి తూర్పున ఉన్న వెనుక జలాల (బ్యాక్‌వాటర్స్) మీదే. అక్కడ మూడు రకాల నీళ్లున్నాయి, మూడింటి తీరూ వేరు.

మొదటిది వెంబనాడ్ కాయల్. కాయల్ అంటే మలయాళంలో ఉప్పుటేరులాంటి పెద్ద సరస్సు. ఇది దేశంలోకెల్లా పొడవైన సరస్సు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఊరిని ఆనుకుని ఉన్న పున్నమడ దీని దక్షిణ కొస. ఏటా నెహ్రూ ట్రోఫీ పాము పడవల పందెం జరిగేది ఇక్కడే. 1952లో నెహ్రూ వచ్చినప్పుడు మొదలైన ఆ పందెం ముగిసే చోటుకే 'ఫినిషింగ్ పాయింట్' అనే పేరు స్థిరపడింది. కాయల్ మీద గాలి బాగుంటుంది, ఆకాశం పెద్దగా కనిపిస్తుంది. నా లెక్కలో మాత్రం దానికి గంట చాలు. రెండో గంటలో కూడా అవే నీళ్లు, దూరాన అదే కొబ్బరి చెట్ల గీత, ముందూ వెనకా హౌస్‌బోట్లే.

రెండోది పంబా నది, దాని పాయలు. పళ్లాత్తురుత్తి, నెడుముడి, చంపకుళం ఊళ్లు ఈ దారిలో వస్తాయి. అయ్యప్ప మాల వేసుకుని శబరిమల వెళ్లినవారు కొండ కింద స్నానం చేసిన పంబానే ఇది. అక్కడ రాళ్ల మధ్య ఉరికిన నది ఇక్కడికి వచ్చేసరికి నెమ్మదించి, పాయలు పాయలుగా చీలి వెంబనాడ్‌లో కలుస్తుంది. చంపకుళంలో నది ఒడ్డునే చాలా పాత చర్చి ఉంది, పడవ ఆపించుకుని చూడదగ్గది.

మూడోది కుట్టనాడు కాలువలు. అలప్పుళకు ఇంత దూరం రావడం వీటికోసమే అని నా అభిప్రాయం. కైనకరి చుట్టుపక్కల ఇళ్ల గుమ్మాల ముందు నుంచి సన్నటి కాలువలు పోతుంటాయి. ఒక పక్క గట్టు, గట్టు మీద వరుసగా ఇళ్లు, ఇళ్ల వెనక వరిపొలం. ఆ పొలాన్ని కొంచెం శ్రద్ధగా చూడండి. మీరు కూర్చున్న నీటి కంటే అది కిందుగా ఉంటుంది. సరస్సు అంచులకు గట్లు కట్టి, లోపలి నీటిని తోడిపోసి సాధించిన నేల అది. సముద్ర మట్టానికి రెండు మీటర్లకు పైగా దిగువన ఉన్న పొలాలు కూడా ఇక్కడ ఉన్నాయి. ఈ సేద్య పద్ధతిని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాల్లో చేర్చింది. "మా కోనసీమ కూడా ఇలాగే ఉంటుంది కదా" అని గోదావరి జిల్లాలవాళ్లు అంటుంటారు. కొబ్బరి చెట్ల వరకు నిజమే. కోనసీమ రైతు కాలువ నుంచి చేలోకి నీళ్లు పెట్టుకుంటాడు. కుట్టనాడు రైతు చేలోంచి నీళ్లు తోడి కాలువలో పోస్తాడు. ఈ తేడా పడవలోంచి కళ్లారా కనిపిస్తుంది, హౌస్‌బోటు పై అంతస్తు నుంచి మాత్రం ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు.

ఆ నీటికి తగిన పడవ

హౌస్‌బోటుకు మలయాళంలో కెట్టువళ్లం అని పేరు. పూర్వం కుట్టనాడు ధాన్యాన్ని కొచ్చికి చేరవేసిన పడవలే ఇవి. మేకులు వాడకుండా చెక్క పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి కట్టేవారు. ఇప్పుడు వాటి మీద గదులు, స్నానాల గదులు, వంటిల్లు వెలిశాయి. రాత్రి బస చేయకుండా పగటి పూటకు మాత్రమే కూడా ఇస్తారు. దాన్ని 'డే క్రూజ్' అంటారు. మామూలుగా పదకొండు, పదకొండున్నరకు బయలుదేరి సాయంత్రం నాలుగున్నర, ఐదుకు తిరిగి వస్తుంది. మధ్యాహ్న భోజనం, సాయంత్రం టీ అందులోనే.

ఇక్కడ ఒక విషయం ఎవరూ ముందుగా చెప్పరు. రాత్రి బసకు తీసుకున్న హౌస్‌బోటు కూడా రాత్రంతా తిరగదు. సాయంత్రం ఐదున్నర, ఆరు తరువాత మత్స్యకారులు వలలు వేసుకుంటారు కాబట్టి బోట్లన్నీ ఒడ్డుకు కట్టేస్తారు. మర్నాడు పొద్దున ఒక గంట తిప్పి దించేస్తారు. అంటే నీటి మీద ప్రయాణం వరకు చూస్తే డే క్రూజ్‌కూ రాత్రి బసకూ పెద్ద తేడా లేదు. ఒక్క రోజే చేతిలో ఉందని బాధపడనక్కరలేదు.

అయితే హౌస్‌బోటు పెద్దది, సన్నటి కాలువల్లోకి పోలేదు. కాయల్, నది, వెడల్పాటి కాలువలు, అంతే. ఇంట్లో పెద్దవాళ్లుంటే, మోకాళ్ల నొప్పులవాళ్లుంటే, పసిపిల్లలుంటే, పది పన్నెండు మంది కలిసి వస్తే హౌస్‌బోటు మంచిదే. మరుగుదొడ్డి ఉంటుంది, నడుం వాల్చడానికి మంచం ఉంటుంది, వేడివేడిగా అన్నం పెడతారు. ఇద్దరు, ముగ్గురు అయితే మాత్రం డబ్బు దండగ.

శికారా మధ్యరకం. పైన కప్పు, మెత్తటి కుర్చీలు, ఇంజను ఉన్న చిన్న పడవ. నలుగురి నుంచి పది మంది దాకా పట్టే రకాలున్నాయి. గంటల లెక్కన ఇస్తారు. ఓ మోస్తరు కాలువల్లోకి కూడా వెళ్తుంది. ఇద్దరికైనా, నలుగురికైనా, అయిదారు గంటలకు శికారా మాట్లాడుకోవడం నా మొదటి సలహా. దానికి ఉన్న పెద్ద లోటు మరుగుదొడ్డి లేకపోవడం. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే ఎక్కడ ఆపుతారో ముందే అడగండి. కాలువ ఒడ్డున ఉన్న భోజన హోటళ్లలో ఏర్పాటు ఉంటుంది, పడవవాళ్లకు ఆ చోట్లు తెలుసు.

తెడ్డుతో నడిపే చిన్న వళ్లాలు (నాటు పడవలు), కయాక్‌లు అన్నిటికంటే సన్నటి కాలువల్లోకి తీసుకెళ్తాయి. ఇంజను చప్పుడు ఉండదు, నీటికాకులు, కొంగలు బెదరవు. కైనకరి, నెడుముడి వైపు ఇవి దొరుకుతాయి. రెండు మూడు గంటలకు మించి వీటిలో కూర్చోవడం కష్టం, నడుం పట్టేస్తుంది.

చివరిది సర్కారు పడవ. కేరళ రాష్ట్ర జల రవాణా శాఖ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. దాని పడవలు మన పల్లె బస్సుల్లాగే విద్యార్థులను, ఉద్యోగులను, కూరగాయల బుట్టలను ఎక్కించుకుని నెడుముడి, కావాలం, పులింకున్ను వైపు తిరుగుతుంటాయి. కొట్టాయం దాకా వెళ్లే పడవ కూడా ఉంది, దాదాపు రెండున్నర గంటల ప్రయాణం. టికెట్టు ధర పదుల రూపాయల్లోనే. పర్యాటకుల కోసం 'వేగ', 'సీ కుట్టనాడ్' పేర్లతో అదే శాఖ వేరే పడవలు నడుపుతుంది. వాటి టికెట్లు మనిషికి వందల్లో ఉంటాయి. ఒక్కరే వెళ్తే వీటిని మించినది లేదు. పొద్దున సర్కారు పడవలో కైనకరి వైపు వెళ్లి, అక్కడ రెండు గంటలకు చిన్న వళ్లం మాట్లాడుకుని, మధ్యాహ్నం మళ్లీ సర్కారు పడవలోనే వెనక్కి రావచ్చు. హౌస్‌బోటులో వెళ్లినవారి కంటే మీరే ఎక్కువ చూసి వస్తారు.

ఏ నెలలో, ఏ పూట

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు గాలి హాయిగా ఉంటుంది. పొలాల్లో వరి కూడా అప్పుడే పచ్చగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడి ప్రధాన పంట 'పుంజ' వర్షాలు తగ్గాక వేసి, ఎండలు ముదిరేలోపు కోస్తారు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం ధరలు ఆకాశంలో ఉంటాయి, కాయల్ మీద బోట్ల రద్దీ కూడా అంతే. దసరా సెలవుల్లో, సంక్రాంతి ముందు మకరజ్యోతి రోజుల్లో తెలుగువాళ్లు గుంపులుగా వస్తారు. ఆ రోజుల్లో ముందుగా మాట్లాడుకోకుండా దిగవద్దు.

మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత భరించలేం. ఆ నెలల్లో మధ్యాహ్నం దాటాక పిడుగుల వాన పడటం మామూలే. తెరిచిన సరస్సు మధ్యలో పిడుగులకు మించిన ప్రమాదం లేదు. మబ్బు కమ్ముతుంటే ఒడ్డుకు తిప్పమని మీరే చెప్పండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. చినుకుల్లో కుట్టనాడు అందమే వేరు, ధరలూ దిగుతాయి. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు జారీ చేసిన రోజుల్లో జిల్లా యంత్రాంగం బోట్లను ఆపేస్తుంటుంది, అందుకని ఆ నెలల్లో అడ్వాన్సు ఇచ్చేముందు "ఆపేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో రోజు తిప్పుతారా?" అని అడిగి రాయించుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువగా సాయంత్రాలే వస్తుంది. పొద్దున పూట ధైర్యంగా వెళ్లవచ్చు.

నెహ్రూ ట్రోఫీ పందెం చాలా కాలం ఆగస్టు రెండో శనివారం జరిగేది. ఈ మధ్య ఆ తేదీ మారుతోంది. పందెం చూడాలనుకుంటే అది వేరే కథ. షికారు కోసమే అయితే ఆ రోజు, అంతకు ముందు రోజు పున్నమడ వైపు పోవద్దు.

రోజులో మంచి సమయం ఏదంటే తెల్లవారాక మొదటి నాలుగు గంటలు. ఆరున్నరకు శికారా ఎక్కితే హౌస్‌బోట్లన్నీ ఇంకా ఒడ్డుకు కట్టే ఉంటాయి. కాలువలు మీవే. బాతుల మందలను నీళ్లలోకి తోలుకుపోయేవాళ్లు, సర్కారు పడవ కోసం రేవులో నిలబడిన బడిపిల్లలు కనిపిస్తారు. ఎనిమిదిన్నరకు కాలువ ఒడ్డున ఏదైనా టీ కొట్టు దగ్గర ఆపించి పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడల కూర (శనగల కూర) తినండి. పదకొండు దాటాక పున్నమడ, పళ్లాత్తురుత్తి దగ్గర బోట్ల వరుస మొదలవుతుంది, డీజిల్ వాసన కూడా. అందుకే పొద్దున ఆరున్నర నుంచి పన్నెండున్నర దాకా శికారా మాట్లాడుకున్న రోజు, పదకొండు నుంచి ఐదు దాకా హౌస్‌బోటులో గడిపిన రోజు కంటే మేలు.

బేరం ఎక్కడ, ఎలా

పడవలు దొరికే చోట్లు ముఖ్యంగా మూడు. ఆర్టీసీ బస్టాండు పక్కనే ఉన్న బోట్ జెట్టీ, అక్కడికి కొద్ది దూరంలో పున్నమడ ఫినిషింగ్ పాయింట్, ఊరికి దక్షిణంగా జాతీయ రహదారికి దగ్గరలో పళ్లాత్తురుత్తి. రైల్వే స్టేషను సముద్రం వైపు ఉంది, జెట్టీకి ఆటోలో రావాలి. ఆటో డ్రైవరు "నాకు తెలిసిన బోటు ఉంది" అంటే అందులో అతని వాటా కూడా మీ ధరలోనే కలుస్తుంది. జిల్లా పర్యాటక ప్రోత్సాహక మండలి కౌంటరు జెట్టీ దగ్గర ఉంది. అక్కడి రేటు ముందు కనుక్కోండి. పడవ అక్కడే తీసుకోవాలని లేదు, కానీ బయట బేరమాడటానికి చేతిలో ఒక కొలమానం ఉంటుంది.

ధరలు రోజును బట్టి, పడవను బట్టి మారతాయి. స్థూలంగా మామూలు రోజుల్లో శికారా గంటకు ఐదు వందలకూ వెయ్యికీ మధ్య అడుగుతారు. ఎక్కువ గంటలు తీసుకుంటే గంట ధర తగ్గించమనవచ్చు, తగ్గిస్తారు కూడా. ఒకే పడకగది హౌస్‌బోటు పగటి అద్దె వేలల్లో ఉంటుంది. పండుగ రోజుల్లో దానికి రెట్టింపు అన్నా ఆశ్చర్యపోవద్దు. శని, ఆదివారాలు వదిలి మంగళ, బుధవారాల్లో వెళ్తే బేరానికి బలం వస్తుంది.

అసలు కిటుకు రూపాయల దగ్గర లేదు, గంటల దగ్గర ఉంది. "ఆరు గంటలు" అని చెప్పిన షికారులో గంటన్నర భోజనానికని ఒడ్డుకు కట్టేస్తే, అరగంట చేపల దుకాణం దగ్గర నిలిపితే, మీకు మిగిలింది నాలుగు గంటలు. కాబట్టి అడగవలసింది "ఇంజను ఎన్ని గంటలు నడుస్తుంది?" అని. ఆ తరువాత దారి. "కైనకరి చిన్న కాలువలు కావాలి, కాయల్ గంట చాలు" అని ఊళ్ల పేర్లతో చెప్పండి. పేర్లు చెప్పినవారికి ఒక ధర, చెప్పనివారికి ఒక ధర. బేరం కుదిరాక వాట్సాప్‌లో ఒక సందేశం పంపించుకోండి: తేదీ, ఎక్కే చోటు, ఎక్కే సమయం, దిగే సమయం, దారి, ఎంతమంది, భోజనంలో ఏమేమి, పన్నులతో కలిపి మొత్తం ఎంత, అడ్వాన్సు ఎంత, పడవ రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి. చివరిది ముఖ్యం. ఫోటోలో ఒక బోటు చూపించి, రేవులో ఇంకో బోటు ఎక్కించడం ఇక్కడ కొత్త కాదు. నంబరు రాయించుకుంటే ఆ మోసానికి అవకాశం ఉండదు.

హౌస్‌బోటు అయితే ఇంకో రెండు ప్రశ్నలు. ఏసీ పగలు కూడా వేస్తారా? చాలా బోట్లలో అది రాత్రికే పరిమితం. "ఏసీ బోటు" అన్నంత మాత్రాన మధ్యాహ్నం చల్లగా ఉంటుందని అనుకోవద్దు. రెండోది, ఇది మీ ఒక్క కుటుంబానికేనా, ఇతరులను కూడా ఎక్కిస్తారా? మనిషికి ఇంత అని తక్కువ ధర చెబితే అది ఉమ్మడి బోటు అయ్యే అవకాశం ఎక్కువ. కేరళ పర్యాటక శాఖ హౌస్‌బోట్లకు గోల్డ్ స్టార్, సిల్వర్ స్టార్ స్థాయిలు, పర్యావరణ జాగ్రత్తలు పాటించేవాటికి గ్రీన్ పామ్ గుర్తింపు ఇస్తుంది. ఆ పత్రం ఉందేమో అడగండి.

అడ్వాన్సు మూడో వంతుకు మించి ఇవ్వవద్దు. మిగతాది దిగేటప్పుడు.

మాటలకు కంగారు అక్కరలేదు. పడవవాళ్లకు అక్కరకు వచ్చేంత ఇంగ్లీషు, తమిళం వచ్చు, కొందరికి హిందీ కూడా. మగవాళ్లను 'చేట్టా' అని, ఆడవాళ్లను 'చేచ్చి' అని పిలిస్తే ముఖం విప్పారుతుంది. 'ఎత్ర మణిక్కూర్?' అంటే ఎన్ని గంటలు. 'పతుక్కె మది' అంటే నెమ్మదిగా పోతే చాలు. ఈ రెండు మాటలతో రోజు గడిచిపోతుంది.

ఎక్కేముందు చూడవలసినవి

ఈ భాగం చదవకుండా దాటేయాలనిపిస్తుంది. దాటేయవద్దు. మనకు కచ్చులూరు ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన ఘటన తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. కేరళలో కూడా అలాంటి పాఠాలు చాలా ఉన్నాయి, ఒక్కో ప్రమాదం ఒక్కో ప్రశ్న నేర్పింది.

2023 మే 7న మలప్పురం జిల్లా తానూరులో పడవ బోల్తా పడి 22 మంది చనిపోయారు. చేపల పడవను మార్చి పర్యాటకుల పడవ చేశారు, పట్టేదానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు, పొద్దుగూకాక నడిపారు. అందుకని మీ మొదటి ప్రశ్న: ఈ పడవకు ఎంతమందికి అనుమతి ఉంది? ఆ సంఖ్య పడవ మీద రాసి ఉండాలి. పిల్లలను "వాళ్లు లెక్కలోకి రారులే" అని వదిలేయకండి, నీటికి అందరూ బరువే. చీకటి పడ్డాక తిప్పుతామని ఎవరైనా ఆశ చూపితే అలాంటివారితో పగలు కూడా వెళ్లవద్దు.

2009 సెప్టెంబరు 30న తేక్కడి జలాశయంలో 45 మంది ప్రాణాలు పోయాయి. ఒడ్డున జంతువులు కనిపించాయని పడవలోనివారు ఒకే పక్కకు జరిగారని అప్పట్లో వార్తలు వచ్చాయి. రెండంతస్తుల పడవలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పై అంతస్తులో అందరూ ఒకే అంచుకు చేరి గ్రూపు ఫోటో దిగడం మనవాళ్లకు మహా సరదా. ఫోటోకు మధ్యలో నిలబడండి.

కాగితాల సంగతి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్గత జల నౌకల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంజనుతో నడిచే పడవకు రిజిస్ట్రేషను, సామర్థ్య తనిఖీ పత్రం, బీమా, నడిపేవారికి యోగ్యతా పత్రం ఉండాలి. తనిఖీ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు. సక్రమంగా నడిపేవారు దాన్ని పడవలోనే తగిలించి ఉంచుతారు. "ఆఫీసులో ఉంది" అన్నారంటే ఇంకో పడవ చూసుకోండి, అలప్పుళలో పడవలకు కరువు లేదు.

లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే అంటారు. బీరువాలో తాళం వేసి ఉన్న జాకెట్టు ఎవరినీ కాపాడదు. రేవులోనే బయటికి తీయించి, తొడుక్కుని, బకిళ్లు పెట్టి చూడండి. తొడుక్కున్నాక పక్కవారిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది వదులు, నీళ్లలో మనిషి కిందికి జారిపోతాడు. పిల్లలకు పిల్లల కొలతవే కావాలి, పెద్దవాటిని బిగించి సరిపెట్టవద్దు. శికారాలో, చిన్న వళ్లంలో దిగేదాకా తీయవద్దు. హౌస్‌బోటులో కనీసం పిల్లలకు, ఈత రానివారికి కాయల్ మీద ఉన్నంతసేపు వేసి ఉంచండి.

హౌస్‌బోటుకు నిప్పు ప్రమాదం కూడా ఉంది. కప్పు వెదురు, తడికలు, కొబ్బరి పీచు. వెనక వంటింట్లో గ్యాసు సిలిండరు. అగ్నిమాపక సిలిండరు ఎక్కడుందో, దాని మీద గడువు తేదీ ఏమిటో ఒకసారి చూసుకోండి. పడవలో సిగరెట్లు, అగరొత్తులు, కర్పూరం వద్దు. మాలలో ఉన్నవారు పూజ ఒడ్డునే చేసుకుని ఎక్కితే మంచిది.

నీటి మీద ఆ రోజు

అన్నం గురించి ముందే చెప్పాలి, లేకపోతే తరువాత నన్ను తిట్టుకుంటారు. హౌస్‌బోటు భోజనంలో లావుపాటి మట్ట బియ్యం, సాంబారు, తోరన్ (కొబ్బరి కోరు వేసిన కూర), అప్పడం, కరిమీన్ అనే చేప వేపుడు ఉంటాయి. వంటంతా కొబ్బరి నూనెతో. మనలో కొందరికి ఆ వాసన పడదు. వేరే నూనె, తెల్లన్నం కావాలంటే ముందు రోజే చెప్పాలి, పడవ కదిలాక వంటవాడు ఏమీ చేయలేడు. ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా సంచిలో పడేసుకుంటే ఆ పూటకు ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కరలేదు. పూర్తి శాకాహారులు, మాలలో ఉన్నవారు వంట పాత్రల సంగతి కూడా అడగండి, లేదంటే భోజనం లేకుండా శికారా తీసుకుని ఊళ్లోకి వచ్చి తినండి.

దారిలో చేపల దుకాణం దగ్గర పడవ ఆపుతారు. కరిమీన్, పెద్ద రొయ్యలు తాజాగానే ఉంటాయి, ధర మాత్రం బజారుకు చాలా ఎక్కువ. కొనాలనుకుంటే కిలో ధర, వండినందుకు ఎంత, రెండూ ముందే అడిగి, తూకం మీ కళ్ల ముందు వేయించండి. వద్దనుకుంటే దిగకుండా కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

చిన్న కాలువల్లో నెమ్మదిగా పోనివ్వమనండి. ఇంజను వేగంగా పోతే లేచే అలలు మట్టి గట్లను కోసేస్తాయి, ఆ గట్టు తెగితే వెనకున్న పొలమంతా మునుగుతుంది. ఆ రేవులు అక్కడివారికి పెరడుతో సమానం. బట్టలుతుక్కునేవాళ్లు, స్నానం చేసేవాళ్లు, గిన్నెలు తోముకునేవాళ్లు ఉంటారు. వాళ్ల మీదికి కెమెరా తిప్పవద్దు.

వర్షాల తరువాతి నెలల్లో గుర్రపుడెక్క కాలువల నిండా పరుచుకుని ఉంటుంది. అది ఇంజను పంకకు చుట్టుకుని పడవ ఆగిపోవడం మామూలే. నడిపేవాడు వంగి తీసేస్తాడు, పది నిమిషాలు పడుతుంది. కొన్ని కాలువలు పూర్తిగా మూసుకుపోతాయి. అలాంటప్పుడు దారి మార్చక తప్పదు, అది మోసం కాదు. ఉత్తరాన తణ్ణీర్ముక్కం దగ్గర సరస్సుకు అడ్డంగా ఆనకట్ట ఉంది. పంట కాలంలో సముద్రపు ఉప్పునీరు పొలాల వైపు రాకుండా దాని తలుపులు మూస్తారు. ఉప్పునీరు తగిలితే గుర్రపుడెక్క చస్తుంది కాబట్టి, మూసి ఉన్నంతకాలం దానికి పండగే. రైతుకు తలుపులు మూయాలి, చేపలు పట్టేవారికి తెరవాలి. ఈ తగవు ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది, మీ పడవ నడిపే చేట్టాను కదిలిస్తే అరగంట చెబుతాడు.

సంచిలో టోపీ, దోమల మందు, గొడుగు, మంచినీళ్లు, ఫోనుకు నీరు చొరని సంచి, చిల్లర నోట్లు. చెత్త నీళ్లలో వేయకుండా ఒక ఖాళీ సంచి. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి కదా అని దిగవద్దు, అడుగున బురద కాలు పట్టేస్తుంది. మద్యం తాగినవారిని పడవ అంచున నిలబడనివ్వవద్దు, ఒక పడవ నుంచి ఇంకో పడవకు దాటనివ్వవద్దు.

దిగేటప్పుడు, తిరుగు ప్రయాణం

చెప్పిన సమయానికంటే ముందే రేవుకు తెచ్చేస్తే వాట్సాప్ సందేశం తీసి చూపించండి, గొంతు పెంచనక్కరలేదు. మిగిలిన గంటలు తిప్పడమో, డబ్బు తగ్గించడమో చేస్తారు. మాట వినకపోతే జెట్టీ దగ్గరి పర్యాటక మండలి కార్యాలయంలో పడవ నంబరుతో సహా ఫిర్యాదు ఇవ్వండి. రోజు బాగా గడిచిందనిపిస్తే ఇవ్వదలచుకున్నది నడిపినవాడికి, వంటవాడికి నేరుగా చేతిలో పెట్టండి, ఏజెంటుకిస్తే వాళ్లకు చేరుతుందన్న నమ్మకం లేదు.

రైలు లెక్క ముందే చూసుకోండి. విశాఖ వైపు నుంచి విజయవాడ మీదుగా పోయే ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ నేరుగా అలప్పుళ దాకా వస్తుంది. సికింద్రాబాద్ నుంచి వచ్చే శబరి ఎక్స్‌ప్రెస్ కొట్టాయం మీదుగా తిరువనంతపురం పోతుంది. అందులో వచ్చేవారు కొట్టాయంలో దిగి, ఆ రోజు సర్కారు పడవ నడుస్తోందో లేదో కనుక్కుని, నడుస్తుంటే దాంట్లోనే అలప్పుళ చేరవచ్చు, లేదంటే బస్సు. విమానంలో కొచ్చికి వస్తే అక్కడి నుంచి రోడ్డు మీద దాదాపు 80 కిలోమీటర్లు. తిరిగి వెళ్లేటప్పుడు ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ అలప్పుళలో ఉదయాన్నే బయలుదేరుతుంది. కాబట్టి ఆ రైలుకు టికెట్టు తీసుకున్నవారు పడవను ముందు రోజుకే మాట్లాడుకుని, ఆ రాత్రి ఊళ్లో స్టేషనుకు దగ్గరగా గది తీసుకోవాలి.